వెయ్యీ ముప్ఫై తొమ్మిది గంటలు

పోయిన సీజన్‌లో కొండెక్కిన మొదటి వారమంతా పొయ్యిలు కూల్చడంతోనే సరిపోయింది.

సరస్సు ఒడ్డున ఎవరో రాళ్లు గుండ్రంగా పేర్చి మంట వేసుకుంటారు. మర్నాడు వాళ్లు వెళ్లిపోతారు, రాళ్లు ఉండిపోతాయి. తర్వాత వచ్చినవాళ్లు వాటిని చూసి, ఇక్కడ మంట వేసుకోవచ్చు కాబోలు అనుకుని ఇంకో నాలుగు రాళ్లు తెస్తారు. ఎండుపుల్లలు అయిపోయాక పచ్చికొమ్మలు విరుస్తారు. ఆగస్టు వచ్చేసరికి కూర్చోడానికి దుంగలు, గాలికి అడ్డంగా రాళ్ల గోడ అన్నీ అమరిపోతాయి. ఆ ఎత్తులో చెట్టు పెరగడమంటే ఏళ్లూ పూళ్లూ పట్టే వ్యవహారం. మణికట్టంత లావున్న పైన్ చెట్టుకి నాకంటే ఎక్కువ వయసు ఉండొచ్చు. యోసెమిటీ నేషనల్ పార్కులో 9,600 అడుగుల పైన మంటే వెయ్యకూడదన్న నియమం అందుకే పెట్టారు.

పొయ్యి కూల్చడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు అరచెయ్యి వెనకభాగం బూడిద దగ్గరగా పెట్టి చూస్తాను. అడుగున నిప్పు ఉంటే చర్మానికి తెలిసిపోతుంది. తర్వాత కరగని రేకు ముక్కలు, సగం కాలిన ప్లాస్టిక్కు ఏరి సంచిలో వేసుకుంటాను. బొగ్గుల్ని నలిపి, దూరంగా చెట్లలోకి తీసుకెళ్లి చల్లుతాను. ఆఖర్న రాళ్లు. ప్రతి రాయికీ ఒకవైపు లైకెన్, అంటే రాతికి అంటుకుని పెరిగే పాచిలాంటిది, ఉంటుంది, బూడిదరంగులోనో నారింజరంగులోనో. అది ఒకప్పుడు ఆకాశం చూసిన వైపు. ఆ వైపు పైకి, మసి వైపు కిందికి వచ్చేలా ఒక్కో రాయినీ దాని గుంట వెతికి అందులో పెడతాను. గుంట దొరికి రాయి సరిగ్గా కూర్చున్నప్పుడు చిన్న చప్పుడవుతుంది. ఆ చప్పుడంటే నాకు చాలా ఇష్టం. చివరికి పైన్ సూదులు రెండు గుప్పిళ్లు చల్లి లేచేసరికి గంటన్నర అవుతుంది. నేను చేసిన పనేదీ అక్కడ కనబడదు. కనబడితే సరిగ్గా చెయ్యనట్టే.

కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా పర్వతాల్లోని ఒక నేషనల్ పార్కులో నాది వైల్డర్‌నెస్ రేంజర్ ఉద్యోగం. ఎనిమిది వేసవులుగా. జూన్‌లో ఎక్కుతాను, అక్టోబర్ మొదట్లో దిగుతాను. కంచరగాడిదల మీద వచ్చే సామాను, ఒక గది, ఒక రేడియో, నెలల తరబడి నడక. దారిన పోయేవాళ్ల పర్మిట్లు చూడ్డం, వాళ్ల తిండి ఎలుగుబంటికి అందకుండా గట్టి డబ్బాల్లో ఉందో లేదో చూడ్డం, మలం నీటికి 200 అడుగుల దూరంలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున పాతిపెట్టాలని వెయ్యోసారి కూడా మొదటిసారి చెప్పినంత ఓపిగ్గా చెప్పడం, అలా పాతిపెట్టనివాళ్లది నేనే పారతో పాతిపెట్టడం, దారి తప్పినవాళ్లని వెతకడం, కాలు మెలికపడ్డవాళ్లకి కట్టు కట్టడం. ఈ పనులన్నీ కలిపితే నా ఉద్యోగం.

వైల్డర్‌నెస్ అన్న మాటకి తెలుగులో సరైన మాట కోసం చాలా వెతుక్కున్నాను. అడవి అందామంటే అడవికి చెట్లుండాలి. నేను తిరిగే చోట 11,000 అడుగులు దాటాక చెట్టన్నదే అరుదు, అంతా గ్రానైటు, మంచు, నీళ్లు. అమెరికాలో అది చట్టం ఇచ్చిన హోదా. 1964 సెప్టెంబర్ 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన వైల్డర్‌నెస్ చట్టంతో మొదట 91 లక్షల ఎకరాలకి ఆ హోదా వచ్చింది. ఇప్పుడది 11 కోట్ల ఎకరాలు దాటింది. ఆ చట్టాన్ని రాసిన హోవర్డ్ జానైజర్ ఎనిమిదేళ్లపాటు ముసాయిదాని తిరగరాస్తూ వచ్చి, సంతకానికి నాలుగు నెలల ముందు చనిపోయాడు. అలాంటి నేలని వర్ణించడానికి ఆయన ఏరుకున్న మాట ‘అన్‌ట్రామెల్డ్’. ట్రామెల్ అంటే గుర్రానికి వేసే కాలిబంధం. మనకి ముందరికాళ్లకి బంధం వెయ్యడం అన్న నుడికారం ఎలాగూ ఉంది కాబట్టి నేను దాన్ని అలాగే చెప్పుకుంటాను. ముందరికాళ్లకి బంధం వెయ్యని నేల. మోటారు రంపం వాడకూడదు, చక్రం తిరగకూడదు, ప్రాణం మీదికొస్తే తప్ప హెలికాప్టర్ దిగకూడదు. దారికి అడ్డంగా చెట్టు పడితే ఇద్దరం చెరోవైపు పట్టుకుని పొడుగు రంపంతో కోస్తాం.

నేలకి వెయ్యని ఆ బంధాన్ని దాన్ని కాపాడేవాళ్లకి వేశారు. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

నెలకొకసారి కిందికి దిగి అమ్మకి ఫోన్ చేస్తాను. ఎలుగుబంట్ల గురించి అడుగుతుంది, చలి గురించి అడుగుతుంది, ఫోన్ పెట్టేసే ముందు తప్పకుండా “ఇంతకీ పర్మనెంటు చేశారా నాన్నా?” అంటుంది. మొదటి రెండేళ్లూ ఆ ప్రశ్న నాకు చిరాకు తెప్పించేది. ఉద్యోగమంటే మా వాళ్లకి పర్మనెంటు తప్ప ఇంకేమీ పట్టదు అనుకునేదాన్ని. ఇప్పుడనిపిస్తోంది, ఈ ఉద్యోగం గురించి ఎవరైనా అడగాల్సిన మొదటి ప్రశ్న అదే అని. ఈ కొండల్ని ప్రేమించే లక్షలమంది ఎవరూ అడగని ప్రశ్న అమ్మ అడుగుతోంది.

మా మధ్య ఒక అంకె తిరుగుతూ ఉంటుంది. 1,039. తాత్కాలిక ఉద్యోగిని మరుసటి ఏడు మళ్లీ పోటీ లేకుండా అదే పనిలోకి తీసుకోవాలంటే ఆ ఏడాదిలో అతని పని 1,040 గంటల లోపే ఉండాలి. వారానికి 40 గంటల లెక్కన అది సరిగ్గా 26 వారాలు, అర్ధసంవత్సరం. అందుకే ఇలాంటి ఉద్యోగాన్ని మావాళ్లు ‘టెన్ థర్టీనైన్’ అంటారు. ఏటా కొత్తగా మొదలై, ఏటా పూర్తిగా ముగిసిపోతుంది. పర్మనెంటు వాళ్లకి అనుభవాన్ని బట్టి మెట్టుమెట్టుగా పెరిగే జీతం ఉంటుంది, మాకు ఆ మెట్లు లేవు. ఎనిమిదో వేసవిలోనూ నాది మొదటి మెట్టే. ఈ గంటలు పింఛనుకి లెక్కలోకి రావు. 2015 దాకా మావంటివాళ్లకి ప్రభుత్వం తన వాటా కట్టే ఆరోగ్య బీమా కూడా లేదు. ఇప్పుడు ఉంది, అయితే సీజన్‌తోపాటే అదీ వెళ్లిపోతుంది. గది ఖాళీ చెయ్యాలి. చలికాలం స్కీ రిసార్టులో లిఫ్టు నడుపుతాను. అక్కడ ఒక ఏడు మోకాలు దెబ్బతింటే చేతిలో ఉన్నదంతా దానికే అయిపోయింది.

ఈ కష్టాలకి ఒక తయారు జవాబు ఉంది. పార్కు ఉద్యోగాల్లో తరతరాలుగా నలుగుతున్న మాట అది: “మనకి జీతం సూర్యాస్తమయాల్లో ఇస్తారు.” కొత్తవాళ్లకి పెద్దవాళ్లు చెప్తారు, పెద్దవాళ్లకి వాళ్ల పెద్దవాళ్లు చెప్పారు. ఆ మాటని నేనూ అన్నాను, మొదటి ఏడు చేరిన కుర్రాడితో. ఇప్పుడు దానికి సిగ్గుపడుతున్నాను. ఆ అస్తమయాల్ని నేను చూశాను, శిఖరాల అంచు గులాబీరంగుకి తిరిగే ఆ పది నిమిషాల కోసం సామాను దింపి నిలబడిపోయిన సాయంత్రాలు లెక్కలేనన్ని. అవి నా జీతం కాదు. పర్మిట్టు తీసుకుని నడిచొచ్చిన ప్రతి మనిషికీ అదే అస్తమయం ఉచితంగా దొరుకుతోంది. నేను పనిచేసిందానికి నాకు రావలసింది వేరే ఉంది. ఇష్టంగా చేసే పనికి కూలి తగ్గించవచ్చన్న లెక్క ఎక్కడ మొదలైందో గానీ, ఆ లెక్క వల్ల నష్టపోయేది మేం మాత్రమే అయితే ఇంత పొడుగు వ్యాసం రాసేదాన్ని కాదు. కొండ కూడా నష్టపోతోంది.

అది ఎలాగో చెప్తాను.

మా ప్రాంతంలో ఒక కనుమ ఉంది. జూన్ ఆఖరు దాకా దాని ఉత్తరపు వాలు మంచు కిందే ఉంటుంది, కాలిబాట కనబడదు. మ్యాపులో బాట రాతి వెన్నుకి కుడివైపు దిగుతుంది. కానీ మంచు మీద నిలబడితే కళ్లు ఎడమకి లాగుతాయి, వాలు అటే మెత్తగా ఉంటుంది. మొదట దిగినవాడు ఎడమకి దిగుతాడు, వాడి బూటుగుర్తులు చూసి రెండోవాడు, వాళ్లని చూసి ఇరవైమంది. ఎడమ లోయ కొంతదూరం బాగానే ఉండి, తర్వాత నీళ్లు కారే నున్నటి బండలుగా మారి, ఆ పైన నిట్టనిలువుగా తెగిపోతుంది. ఏ మ్యాపులోనూ ఈ సంగతి లేదు. నా రెండో వేసవిలో, నాకు పని నేర్పిన పెద్దావిడ అక్కడ నన్ను నిలబెట్టి చెప్పింది. “బూటుగుర్తుల్ని నమ్మకు. ముందు వెళ్లినవాడికీ దారి తెలీదు.”

ఐదో వేసవిలో ఒక సాయంత్రం రేడియోలో కబురొచ్చింది. అరవై దాటిన మనిషి, స్నేహితులకంటే వెనకబడ్డాడు, క్యాంపుకి చేరలేదు. కనుమ మీద ఆఖరుసారి చూశామన్నారు. పద్ధతి ప్రకారం బాట వెంట వెతుక్కుంటూ ఎక్కాలి. నేను రేడియోలో కింది ఆఫీసుకి చెప్పి, తిన్నగా ఎడమ లోయ అడుగుకి వెళ్లాను. చీకటి పడ్డాక, నా హెడ్‌ల్యాంపు వెలుగు చూసి ఆయనే కేకేశాడు. తడిబండ మీద గట్టులాంటి చోట వెన్ను ఆన్చి కూర్చుని ఉన్నాడు. పళ్లు కొట్టుకుంటున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఆ ముద్దమాట వింటే భయం వేస్తుంది, వణుకు ఆగిపోతే ఇంకా భయం. తడిబట్టలు విప్పించి, నా స్లీపింగ్ బ్యాగులో దూర్చి, వేణ్నీళ్లు తాగించాను. రాత్రంతా పక్కనే కూర్చుని మనవల పేర్లు అడుగుతూ మాట్లాడిస్తూనే ఉన్నాను. తెల్లారాక ఇద్దరం మెల్లిగా నడిచి పైకొచ్చాం.

ఆ రాత్రి ఆయన బతకడానికి కారణం నా ధైర్యం కాదు. నాకంటే ముందు ఆ లోయలో ఎవరెవరో తప్పిపోతే, వాళ్లని వెతికినామె ఆ సంగతి గుర్తుపెట్టుకుంది. నాకు చెప్పే వరకు ఆమె ఉద్యోగంలో ఉంది. అంతే జరిగింది. మూడేళ్ల ముందు ఆమె మానేసి ఉంటే నేను బాట వెంటే ఎక్కేదాన్ని.

ఇలాంటివి ఎన్ని ఉంటాయో చెప్పలేను. మంచు కరిగే రోజుల్లో ఏ వాగు సాయంత్రం నడుంలోతు ఉండి తెల్లవారుజామున మోకాలి లోతుకి తగ్గుతుందో. ఏ బండ మీద ఎటు తిరిగి నిలబడితే రేడియో పలుకుతుందో, రెండడుగులు పక్కకి జరిగితే ఎందుకు మూగబోతుందో. ఏ పచ్చిక మీదికి కంచరగాడిదల్ని ఎప్పుడు వదలొచ్చో. ఆ చివరిదానికి ఆవిడ పద్ధతి ఒకటుండేది. పచ్చికలో బూటు మడమ నొక్కి, కాలు తీసి, వంగి చూసేది. ఆ గుంటలోకి నీళ్లు ఊరితే “ఇంకా కాదు” అనేది. గుంట మెల్లిగా పైకి లేచి మూసుకుంటే సరే. తొందరపడి వదిలితే డెక్కలు వేళ్లని చీల్చేస్తాయి, నీరు కాలవ కట్టేస్తుంది, పచ్చిక ఎండిపోతుంది. ఆ గాయం మానడానికి మనిషి జీవితకాలం చాలకపోవచ్చు.

ఆవిడ 19 వేసవులు పనిచేసింది. ఒక వసంతంలో ఆఫర్ రావడం ఆలస్యమైంది, ఏప్రిల్ దాటింది, మే వచ్చింది. అద్దెలు కట్టాలి కదా. ఊళ్లో దొరికిన పన్నెండు నెలల ఉద్యోగంలో చేరిపోయింది. తర్వాత ఆఫర్ వచ్చింది. ఆవిడ ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టింది. 19 వేసవులంటే తొమ్మిదిన్నరేళ్ల దాకా పూర్తికాలపు పని. పింఛను లెక్కలో సున్నా. ఆ ఏడు ఆవిడ స్థానంలో వచ్చిన పిల్ల తెలివైనది, కష్టపడేది, నాకంటే వేగంగా నడిచేది. పచ్చికలో మడమ నొక్కి చూడాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నాకు కబురు తెలిసి నేను రెండు కనుమలు దాటి వెళ్లేసరికి గాడిదల మంద రెండురోజులు అక్కడ మేసి వెళ్లిపోయింది. తప్పు ఆమెది కాదు.

ఈ పని వేసవిది కావడం ఈనాటి సంగతి కాదు. రేంజర్లన్న వాళ్లు లేని రోజుల్లో, 1891 నుంచి, యోసెమిటీ, సెకోయా పార్కుల్ని కాపాడింది అశ్వికదళం. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వేసవి మొదట్లో వచ్చేవారు, శరత్తులో వెళ్లిపోయేవారు. అక్రమంగా గొర్రెల్ని తోలుకొచ్చేవాళ్లకి శిక్ష వెయ్యడానికి అప్పట్లో చట్టం లేదు. ఆ సైనికులు ఒక ఉపాయం కనిపెట్టారు. కాపరుల్ని పార్కుకి ఒక కొసన బయటికి పంపేవారు, గొర్రెల్ని ఇంకో కొసన. కాపరి కొండలు చుట్టి తన మందని చేరుకునేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోయేది. అలా గొర్రెలు తగ్గాయి. 1898లో స్పెయిన్‌తో యుద్ధమొచ్చి దళం అటు వెళ్లింది, మందలు మళ్లీ విరుచుకుపడ్డాయి. ఒక్క వేసవి మనిషి లేకపోతే చాలు.

1903లో సెకోయాకి ఆ బాధ్యత మీద వచ్చిన కెప్టెన్ చార్లెస్ యంగ్ వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో చదువు పూర్తిచేసిన మూడో నల్లజాతి అధికారి. ఆయన దళంలో ఉన్నదీ నల్లజాతి సైనికులే. ఏళ్లుగా ఈసురోమని సాగుతున్న బండిబాటని ఒక్క వేసవిలో జెయింట్ ఫారెస్ట్ అనే పెద్దచెట్ల అడవి దాకా తీసుకెళ్లారు. పెద్దచెట్ల మధ్య ఉన్న ప్రైవేటు భూముల్ని ప్రభుత్వం కొనెయ్యాలని ఆయన నివేదిక రాశాడు. ఆ తర్వాతి ఏడు ఆయన్ని వేరే పనికి పంపేశారు. ఆ కొండ గురించి అంత తెలుసుకున్న మనిషికి ఒక్కటే సీజన్ ఇచ్చారని ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకా పెద్ద తప్పు ఉంది, దాన్ని దాటేసి ముందుకెళ్లడం నావల్ల కాదు. ఎత్తైన కనుమల మీద అప్పుడప్పుడూ నల్లగా మెరిసే గాజురాతి పెచ్చులు కనబడతాయి. అబ్సిడియన్. ఈ గ్రానైటు కొండల్లో పుట్టేది కాదు, తూర్పున ఉన్న అగ్నిపర్వతాల దగ్గర్నుంచి మనుషులు మోసుకొచ్చింది. బాణపు మొన చెక్కుతూ ఎవరో కూర్చున్న చోటు అది. నేను వంగి చూస్తాను, ముట్టుకోను. వైల్డర్‌నెస్‌లో మనిషి సందర్శకుడే తప్ప నివాసి కాదని చట్టం అంటుంది. కానీ ఇక్కడ వేల ఏళ్లు మనుషులు నివసించారు. 1851లో సాయుధదళం యోసెమిటీ లోయలోకి వెళ్లి అవానీచీ ప్రజల్ని తరిమింది. వాళ్లు అడవిని కాలానుగుణంగా, కొంచెంకొంచెంగా తగలబెట్టేవాళ్లు. వాళ్లతోపాటు ఆ విద్యా పోయింది. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ప్రతి మంటనీ ఆర్పేశారు, చెట్ల కింద ఎండు చెత్తంతా పేరుకుంది. దానికి కరువులు, పెరిగిన వేడి తోడై 2020, 2021 సంవత్సరాల్లో వచ్చిన మూడు కార్చిచ్చుల్లో ప్రపంచంలోని పెద్ద సెకోయా చెట్లలో 13 నుంచి 19 శాతం చచ్చిపోయాయి. వేల ఏళ్లు బతికిన చెట్లు. నేల గురించి తెలిసినవాళ్లని నేల మీంచి పంపించేస్తే ఏమవుతుందో ఆ బొగ్గుమానుల మధ్య నడిచినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నా ఎనిమిది వేసవుల్ని వాళ్ల వేల ఏళ్లతో పోల్చడం లేదు. జరుగుతున్న తప్పు జాతి ఒకటే అంటున్నాను.

దీనికి ఎదురు వాదనలు నాకు తెలుసు. చలికాలం ఆ కొండల మీద పనేముంది, మంచులో కూర్చోబెట్టి జీతం ఇమ్మంటారా అని అడుగుతారు. అడగడం లేదు. ఆరు నెలల పనికి ఆరు నెలల జీతమే చాలు. పర్మనెంట్ సీజనల్ అన్న ఏర్పాటు కేంద్ర ఉద్యోగాల్లో ఎప్పటినుంచో ఉంది. ఏటా కనీసం ఆరు నెలలు పని, మిగతా నెలలు జీతంలేని విరామం, ఉద్యోగం మాత్రం అతనిదే. పింఛను ఉంటుంది, జీతం మెట్లు ఉంటాయి, వసంతం వచ్చేసరికి మళ్లీ దరఖాస్తు పెట్టుకుని గుండెలరచేత పట్టుకుని కూర్చోనక్కర్లేదు. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న ఏర్పాటుని మా పనికి వర్తింపజేస్తే చాలు. ఏటా అదే గదికి, అదే పనికి, అవే నెలలకి మనిషి కావాలని తెలిసినప్పుడు దాన్ని తాత్కాలికం అనడంలో న్యాయం లేదు. 2015లో ఒక మంచి జరిగింది. మొత్తం 24 నెలలు దాటి పనిచేసిన తాత్కాలికులు పర్మనెంటు పోస్టులకి లోపలివాళ్లతో సమానంగా పోటీపడొచ్చని చట్టం తెచ్చారు. తలుపు తెరిచారు సరే. కొండ మీది పోస్టులే పర్మనెంటు కానప్పుడు, ఆ తలుపు గుండా వెళ్లినవాడు కొండ దిగి ఆఫీసు పనికి వెళ్లాల్సిందే. మాలో చాలామంది అలాగే వెళ్లిపోయారు.

కొత్త కుర్రాళ్లకి అవకాశం ఎలా అన్న వాదన ఒకటుంది, దానికి నేను తలవంచుతాను. నన్ను అలా తీసుకోబట్టే నేనిక్కడున్నాను. పాతవాళ్లంతా పాతుకుపోతే ఇరవై రెండేళ్ల పిల్లకి ఈ కొండ ఎప్పుడు దొరుకుతుంది? అందుకే అందరినీ పర్మనెంటు చెయ్యమనడం లేదు. పొడుగాటి రంపానికి రెండు కొసలుంటాయి. ఒక కొస పాతచేతిలో ఉంటే రెండో కొస కొత్తచేతికి ఇవ్వొచ్చు. రెండూ కొత్తచేతులైతే రంపం బిగుసుకుపోతుంది. నాకు ఆవిడ దొరికినట్టు ఆ పిల్లకీ ఒకరు దొరకాలి.

వాలంటీర్లు చాలు అనేవాళ్లకి మాత్రం నా దగ్గర ఓపిక తక్కువ. వాళ్లు మంచివాళ్లు, పక్కన నడిచారు, చెత్త మోశారు. వారం తర్వాత ఇంటికి వెళ్తారు, వెళ్లాలి కూడా.

సెకోయా, కింగ్స్ కాన్యన్ కొండల్లో 28 సీజన్లు పనిచేసిన ఒక రేంజర్ 1996 జూలైలో గస్తీకి వెళ్లి తిరిగి రాలేదు. అవశేషాలు 2001లో దొరికాయి. ఎవరైనా తప్పిపోతే వెతకడానికి అందరికంటే ముందు పిలిచే మనిషి ఆయన. 28 వేసవుల తర్వాత కూడా ఆయన సీజనలే. ఆ అంకె ముందు నా ఎనిమిది ఎంతని, ఆ కొండల వైపు చూసినప్పుడల్లా అనుకుంటాను.

2025లో జరిగింది చూశాక ఇక మాట్లాడకుండా ఉండకూడదనిపించింది. జనవరి 20న కేంద్ర ప్రభుత్వ నియామకాల్ని ఆపేశారు. అప్పటికే చేతికొచ్చిన సీజనల్ ఆఫర్లు వెనక్కి వెళ్లిపోయాయి. ఇళ్లు ఖాళీచేసి సామాను సర్దుకున్నవాళ్లు సామానుతో అలాగే ఉండిపోయారు. ఫిబ్రవరి 14న నేషనల్ పార్కుల్లో ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగులు సుమారు వెయ్యిమందిని తీసేశారు. వాళ్లలో చాలామంది ఏళ్లకేళ్లు సీజనల్‌గా ఈది, ఎట్టకేలకు పర్మనెంటు గట్టెక్కినవాళ్లు. కొత్త పోస్టులో ఏడాది నిండలేదు, అంతే. తర్వాత 7,700 దాకా సీజనల్ పోస్టులు నింపుకోవచ్చన్నారు, కోర్టులు కొందరిని వెనక్కి తీసుకోమన్నాయి. యోసెమిటీ పార్కు ఉద్యోగులే అక్కడి ఎల్ కాపిటాన్ కొండచరియ మీద జెండాని తలకిందులుగా వేలాడదీసిన ఫొటో మీరూ చూసుంటారు. ఆపదలో ఉన్నామని చెప్పే గుర్తు అది. ఆ ఫొటో చూసి నేను ఏడ్చాను. ఆ రోజు సాయంత్రం అమ్మే ఫోన్ చేసింది. పర్మనెంటు సంగతి అడగలేదు. “అక్కడ ఇప్పుడు ఎవరున్నారమ్మా కొండ మీద?” అంది.

ఫిబ్రవరిలో కొండ మీద ఎవరూ ఉండరు, మంచు తప్ప. అయినా నేను ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను.

ఈ ఏడు అక్టోబర్ 2న స్టేషన్ మూశాను. గ్యాసు వాల్వు కట్టేశాను. ఎలుకలు దూరకుండా పరుపుని తీగ మీద వేలాడదీశాను. నీళ్ల గొట్టాల్లో చుక్క మిగలకుండా దులిపాను, మిగిలితే గడ్డకట్టి పగిలిపోతాయి. కిటికీలకి మంచు తలుపులు బిగించాను, పై మరకి అరిగిపోయిన నట్టు ఉంది, దాన్ని సగం తిప్పి వెనక్కి తిప్పి మళ్లీ తిప్పాలి. ఆఖర్న లాగ్‌బుక్కు తీసి, వచ్చే జూన్‌లో ఎవరు తెరిచినా చదివేలా రాసి పెట్టాను.

“కిటికీ పై నట్టు: సగం తిప్పి వెనక్కి, మళ్లీ ముందుకి. రేడియో: గుమ్మం ముందు కాదు, వాగు దాటాక పగిలిన బండ మీద, పడమటి వైపు తిరిగి. కనుమ ఉత్తరపు వాలు: జూన్‌లో బూటుగుర్తుల్ని నమ్మొద్దు, కుడివైపు దిగు. ఎడమకి వెళ్లినవాళ్లకోసం లోయ అడుగునుంచి వెతుకు. పెద్ద పచ్చిక: మడమ నొక్కి చూడు. నీళ్లు ఊరితే ఇంకా కాదు. కింది సరస్సు తూర్పు ఒడ్డున ప్రతి జూలైలోనూ పొయ్యి పుడుతుంది, రాళ్లు ఎక్కడివో గుంటలు వెతికితే దొరుకుతాయి. ఇవి నాకంటే ముందున్నావిడ చెప్పినవి.”

ఎలుకలు కొరక్కుండా పుస్తకాన్ని రేకు డబ్బాలో పెట్టి మూత నొక్కాను. తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకుని దిగడం మొదలుపెట్టాను. కింద ఆఫీసులో ఆ తాళంచెవి అప్పగించి సంతకం పెట్టాలి.